మొక్కలో నెత్తురు చుక్క

అనంతపురం,
ఆగస్టు 21, రాత్రి

ప్రియమైన పెసల దొంగకు,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు క్షమించు బావా. అమ్మకు కంటి ఆపరేషన్ బాగా జరిగింది, పేపరు తనే చదువుకుంటోంది. పెద్దమ్మాయి హాస్టల్లో చేరింది. మిగతావన్నీ తర్వాత. ఈ ఒక్క సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మొన్న తొమ్మిదో తరగతిలో నత్రజని వలయం చెబుతున్నాను. నల్లబల్ల మీద ఎప్పటి బొమ్మే: గాలి, నేల, మొక్క, ఆవు, మళ్లీ నేల, మధ్యలో బాణాలు. గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదనీ, పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లో కాపురముండే రైజోబియం బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మార్చి ఇవ్వాలనీ చెప్పాను. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. అప్పుడు చివరి వరసలో, జూన్ నుంచీ నోరు విప్పని పిల్లవాడు లేచాడు.

"సార్, మా వేరుశనగ వేర్లకు గడ్డలున్నాయి. పురుగు పట్టిందని నాన్న మందు వేయబోతున్నాడు. అవేనా ఇవి?"

మర్నాడు గోనెసంచిలో నాలుగు మొక్కలు తెచ్చాడు, ఎర్రమట్టి పెళ్లలతో సహా. బకెట్ నీళ్లలో నానబెట్టి మట్టి వదిలించాం. వేరు పొడవునా ఆవగింజలంత బుడిపెలు! గోటితో రుద్దితే ఊడి వచ్చాయి. నులిపురుగు పడితే వేరు తానే ఉబ్బిపోతుంది కదా, అలా ఊడి రాదు. వాడి ముఖంలో సగం భయం అక్కడే పోయింది.

ఒక బుడిపెను బ్లేడుతో రెండుగా కోశాను. బావా, లోపల అచ్చం నెత్తురు చుక్క! "సార్, మొక్కకు రక్తం ఉంటుందా?" అంది ఒక పిల్ల. ఉంటుందనే చెప్పాలనిపించింది. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్ అనే పదార్థానిది. అది మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమే, దానిలోనూ ఇనుమే. నత్రజనిని పట్టే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది, బ్యాక్టీరియా బతకడానికేమో ఆక్సిజన్ కావాలి. అందుకని ఈ ఎర్ర పదార్థం ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, కొత్తల్లుడి పక్కన కూర్చున్న మరిదికి అత్తగారు నెయ్యి వడ్డించినట్టు, చుక్క చుక్కగా అందిస్తుందన్నాను. తరగతంతా పగలబడి నవ్వింది. ఒక బుడిపె మాత్రం లోపల ఆకుపచ్చగా ఉంది. అది పని మానేసిందని చెబితే, ఆ పిల్లవాడు దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు చూశాడో!

సాయంత్రం వాళ్ల నాన్న వచ్చాడు. అప్పటికే మందు డబ్బా కొన్నాడట. కొడుకే బుడిపె కోసి చూపించాడు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మా నాయన చెరువు కింద వరి నాటే ముందు జనుము చల్లి కలియదున్నేవాడు. ఇందుకేనా సార్?" అన్నాడు. ఇందుకే, జనుము వేర్లకూ ఈ బుడిపెలే అన్నాను. నా గొంతు పట్టుకుపోయింది.

పదిహేనేళ్లుగా ఆ బాణం గీస్తున్నాను. ఒక మొక్క పీకి పిల్లల చేతికివ్వాలని ఒక్కసారీ తోచలేదే అని రాత్రంతా బాధపడ్డాను. మన గదిలో కుండీలో వేద్దామని నానబెట్టిన పెసలు తెల్లారేసరికి మాయం కాకపోతే, ఆనాడే చూసేవాళ్లం కదరా!

ఇంకో సంగతి. ఆ నాలుగింటిలో రెండు యూరియా చల్లిన చాళ్లవి. వాటికి బుడిపెలు చాలా తక్కువ. నేలలో నత్రజని సిద్ధంగా దొరుకుతుంటే మొక్క

కరెంటు పోయింది బావా. పొద్దున్నే మొదటి బస్సుకు ఈ ఉత్తరం వెళ్లాలి. యూరియా కథ వచ్చేసారి.

నీ
గదివాడు