చావు కబురు చెప్పడం ఆడ డాక్టర్ల వంతేనా? ఆరోగ్య మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కరించి రాయునది.

నేను ప్రభుత్వ బోధనాసుపత్రి జనరల్ మెడిసిన్ విభాగంలో పనిచేస్తున్న వైద్యురాలిని. నేను పీజీ చేస్తున్న రోజుల్లో, పురుగుల మందు తాగిన ఒక యువరైతు రాత్రి రెండు గంటలకు మా ఐసీయూలో కన్నుమూశాడు. బయట గోడవారన తల్లి, భార్య, ఒళ్లో నిద్రపోతున్న పసిబిడ్డ. గంటల తరబడి అంబూ బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కినవాడు నా తోటి పీజీ. అయినా మా సీనియర్ నావైపు తిరిగి, "ఆడపిల్లవి, నువ్వయితే మెల్లగా చెబుతావమ్మా, వెళ్లు" అన్నారు. ఎలా చెప్పాలో నాకూ ఎవరూ నేర్పలేదు. ఆ తల్లి నా ఆప్రాన్ పట్టుకుని కుప్పకూలింది. తిరిగి వచ్చేసరికి ఆ సహచరుడు కేస్‌షీట్ ముందు పెట్టుకుని, మరణ సమయం రాయలేక, పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. మగవాడు కదా, తట్టుకుంటాడులే అని ఆయన్ని ఎవరూ పలకరించలేదు.

చావు కబురు ఆడ డాక్టరు చెప్పాలి, మగ డాక్టరు మౌనంగా భరించాలి అనే ఈ పంపకం నేటికీ మారలేదు. ఓదార్చే నేర్పు ఆడవారి సొత్తని అనుకుంటారు. కానీ 1990లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పీటర్ సాలవే, జాన్ మేయర్ భావోద్వేగ ప్రజ్ఞను ఒక సామర్థ్యంగా నిర్వచించారు: మన మనసునూ ఎదుటివారి మనసునూ గుర్తించి, ఆ ఎరుకతో నడుచుకోవడం. మహిళా వైద్యులు ఒక్కో రోగితో సుమారు రెండు నిమిషాలు ఎక్కువసేపు మాట్లాడతారనీ, మనసుకు సంబంధించిన మాటలు ఎక్కువ అడుగుతారనీ 2002లో వెలువడిన ఒక సమీక్ష చూపింది. దాన్ని పుట్టుకతో వచ్చిన గుణమనుకోవడం పొరపాటని నా నమ్మకం. చిన్నప్పటినుంచీ ఆడపిల్లలకు ఓదార్చడం అలవాటు చేస్తాం, మగపిల్లలకు ఏడవకూడదని చెబుతాం. వార్డులో కనబడేది ఆ పెంపకమే. దాని భారం ఇద్దరిమీదా పడుతోంది. ఆమె పనికి లెక్క లేదు, ఆయన బాధకు చోటు లేదు.

2019 నుంచి ఎంబీబీఎస్‌లో వైఖరి, నైతికత, సంభాషణలపై ఏట్‌కామ్ పాఠాలున్నాయి. మంచిదే. కానీ తరగతిలో విన్నది క్యాజువాల్టీలో ఆచరించేటప్పుడు పక్కన నిలబడి సరిదిద్దే ప్రొఫెసర్ ఉండాలి కదా. పైగా రోజుల తరబడి నిద్రలేని మనిషి నుంచి ఓర్పును ఆశించలేం. రెసిడెంట్లకు (పీజీ వైద్యులకు) వారానికి 74 గంటలకు మించి పని ఉండరాదని జాతీయ వైద్య కమిషన్ కార్యదళం 2024లోనే సిఫారసు చేసింది.

అందుకే మిమ్మల్ని కోరుతున్నాను: ఆ 74 గంటల పరిమితిని మన బోధనాసుపత్రులలో అమలు చేయించండి. మరణవార్త చెప్పే బాధ్యత ఆడా మగా తేడా లేకుండా చికిత్స చేసిన బృందానిదేనని, మొదటిసారి చెప్పే పీజీ వెంట సీనియర్ తప్పక ఉండాలని ఉత్తర్వు ఇవ్వండి. ప్రతి ఐసీయూ పక్కన తలుపున్న చిన్న గది, నాలుగు కుర్చీలు, మంచినీళ్లు ఏర్పాటు చేయించండి. ఆ తల్లికి నేను వరండాలో, స్ట్రెచర్లు పోతుండగా, నిలబడే చెప్పాను.

ఇట్లు,
ప్రభుత్వ వైద్యురాలు