శనివారం గురుకులం ఆట గురించి: ఎందుకు ఆగింది, డబ్బు ఎప్పుడు వెనక్కి ఇస్తాను, ఇకపై ఎలా నడుపుతాం

అందరికీ నమస్కారం. మన కేఫ్ పై అంతస్తులో శనివారాలు నడిచే గురుకులం క్యాంపెయిన్ (వారం వారం ఒకే కథను కొనసాగిస్తూ ఆడే ఆట) ఏమైందని చాలామంది అడుగుతున్నారు. జూన్‌లో ఐదు టేబుళ్లతో మొదలైంది, ఇప్పుడు రెండే మిగిలాయి. ఆగిపోయిన మూడు టేబుళ్ల వాళ్లకు నేను కారణం కూడా సరిగా చెప్పలేదు, "కొన్నాళ్లు ఆపుతున్నాం" అని వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నాను. ఆరు నెలల ఆట అని చెప్పి ముందే డబ్బు తీసుకున్నవాళ్లు చేయాల్సిన పని కాదది. క్షమించండి. అందుకే ఇవాళ కూర్చుని మొత్తం రాస్తున్నాను.

ఈ ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు. నలుగురూ టేబుల్ చుట్టూ కూర్చుంటారు, అందులో ఒకరు గేమ్ మాస్టర్, మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. గేమ్ మాస్టర్ పరిస్థితి చెబుతారు, మీ పాత్ర ఏం చేస్తుందో మీరు చెబుతారు, అది జరుగుతుందో లేదో తేలనిచోట ఇరవై ముఖాల డైస్ వేస్తారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆట జనంలోకి వచ్చింది. మా క్యాంపెయిన్‌లో పాత్రలందరూ మంత్రవిద్య నేర్చుకునే పిల్లలు, కథంతా ఒక బడిలో జరుగుతుంది.

మొదట్లో మేం సొంత బడి కట్టలేదు. 2021 డిసెంబర్‌లో వచ్చిన స్ట్రిక్స్‌హేవెన్ అనే అచ్చు పుస్తకంతో ప్రయత్నించాం. డ్రాగన్లు స్థాపించిన ఐదు కాలేజీలు, నాలుగేళ్ల చదువు, పాత్రల శక్తి ఒకటో లెవెల్ నుంచి పదో లెవెల్ వరకు పెరిగే కథ. తోటి విద్యార్థులతో స్నేహానికి, వైరానికి పాయింట్లు లెక్కపెట్టే పద్ధతి అందులో నాకు బాగా నచ్చింది, ఇప్పటికీ వాడుతున్నాం. కానీ ఆ బడి అమెరికా క్యాంపస్ లాంటిది. మా టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో గడిపినవాళ్లు. రెండో సెషన్‌లోనే ఒకబ్బాయి "అవుట్ పాస్ ఎవరిస్తారు?" అని అడిగాడు. పుస్తకంలో దానికి జవాబు లేదు. మా గేమ్ మాస్టర్ అప్పటికప్పుడు ఒక వార్డెన్‌ని పుట్టించింది: చేతిలో లాంతరు, ఏ అబద్ధం చెప్పినా ఆ లాంతరు కొంచెం మసకబారుతుంది. ఇక ఆ రాత్రి మూడు గంటలూ రాక్షసుల మాటే లేదు, అందరూ కలిసి ఆ వార్డెన్ దగ్గర అవుట్ పాస్ సంపాదించడానికే పథకాలు వేశారు, అబద్ధం చెప్పకుండా నిజాన్ని ఎలా దాచాలా అని. మేం అప్పటిదాకా నడిపిన వాటిలో అదే మంచి సెషన్.

బడి కథలో జనానికి కావాల్సింది పక్క మంచం మీద ఎవరు పడుకున్నారో, స్టడీ అవర్‌లో ఎవరు చీటీ పంపారో, మెస్‌లో ఇవాళ ఏం పెట్టారో అని నాకు ఆ రోజే అర్థమైంది. మంత్రం ఆ తర్వాత. అందుకే సొంత బడి కట్టాలనుకున్నాం. 2023 జనవరిలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాల్ని, అంటే 5.1 పత్రాన్ని, క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు. దాని మీద ఎవరైనా తమ కథ కట్టుకోవచ్చు, ఆ పత్రం ఎవరిదో చెబితే చాలు. మీ పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్ల అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది ఆ వాక్యమే.

బడి ఎక్కడ పెట్టాలన్నదానికి పెద్దగా వెతకలేదు. హైదరాబాద్ నుంచి సుమారు 150 కిలోమీటర్ల దూరంలో నాగార్జునకొండ ఉంది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది, బౌద్ధ విహారాలు, స్తూపాలు, మెట్ల వరసలతో రంగస్థలం లాంటి కట్టడం అన్నీ అక్కడే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ అక్కడ నాగార్జున సాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపి, దొరికినవాటిలో కొన్నింటిని కొండ మీదకి, కొన్నింటిని ఒడ్డునున్న అనుపు అనే చోటికి తరలించి మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడా కొండ ఒక దీవి, విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లాలి. మేం ముగ్గురం వెళ్లి అనుపులో ఆ మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చుని నోట్‌బుక్ నింపుకొచ్చాం.

బోధిసిరి అనే ఉపాసిక, అంటే బౌద్ధాన్ని అనుసరించే గృహిణి, అక్కడ వేయించిన ప్రాకృత శాసనం ఒకటుంది. కాశ్మీరం, గాంధారం, చీనా, తామ్రపర్ణి దాకా పేర్లు వస్తాయి అందులో. తామ్రపర్ణి అంటే శ్రీలంక, అక్కడి భిక్షువుల కోసం సింహళ విహారం కూడా ఉండేది. అంటే మన కృష్ణ ఒడ్డుకు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఉన్నారన్నమాట. మన గురుకులంలో పిల్లలు రకరకాల దేశాల నుంచి రావడానికి కారణం ఆ శాసనమే. ఇక నాగార్జునుడి పేరుతో ఉన్న రసవాద కథలు, అంటే మామూలు లోహాన్ని బంగారం చేసే కథలు, మనందరికీ తెలిసినవే. బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు వేరు, రసవాది నాగార్జునుడు వేరు అని చెప్పే పండితులు చాలామంది ఉన్నారు, అయినా ఆటకు పరుసవేది కావాలి కదా. అలా రసశాల, ధ్వనిశాల, లిపిశాల, జలశాల అని నాలుగు శాలలు పెట్టాం. మా కథలో బడి మునిగిపోలేదు, నీటి కిందే నడుస్తోంది, సాయంత్రం ఆఖరి లాంచీ మీద కొత్త పిల్లలు వస్తారు.

ఇక్కడ ఒక మాట. మొదటి రూపంలో మునిగిన ఊళ్లలో దెయ్యాలున్నట్టు రాశాం. ఒకాయన సెషన్ అయ్యాక ఆగి, తన తాతగారిది ఆ నీటి కింద పోయిన ఊరేనని, ఇల్లు వదిలి వచ్చిన సంగతి ఆయన చివరిదాకా చెప్పేవారని అన్నారు. కోప్పడలేదు, చెప్పారంతే. ఆ భాగం మొత్తం తీసేశాను. ఇప్పుడు ఊళ్లు కథలో పేర్లతో గౌరవంగా ఉంటాయి, భయపెట్టడానికి మాత్రం ఉండవు.

సరే, తప్పు ఎక్కడ జరిగింది. మొదటిది, టేబుల్‌కు ఏడుగురిని కూర్చోబెట్టాను. అద్దె లెక్క చూసుకుని తీసుకున్న నిర్ణయమది, గేమ్ మాస్టర్లు వద్దని చెబుతూనే ఉన్నారు. గుహలోకి వెళ్లి యుద్ధం చేసే కథలో ఏడుగురున్నా ఎలాగో సాగుతుంది, అందరూ ఒకేచోట ఉంటారు కాబట్టి. బడి కథలో అలా కాదు, ఒకరు లైబ్రరీలో ఉంటారు, ఒకరు వార్డెన్‌తో మాట్లాడుతుంటారు, ఇంకొకరు ఇంటికి ఉత్తరం రాస్తుంటారు. మూడు గంటలు అంటే 180 నిమిషాలు, ఏడుగురికి పంచితే తలా 25 నిమిషాలు, మిగతా రెండున్నర గంటలు పక్కవాళ్ల కథ వింటూ ఫోన్ చూసుకోవడమే. నాలుగో వారానికి ఒక్కొక్కరు రావడం మానేశారు. నేనేమో ట్రాఫిక్ అనుకున్నాను, వర్షాలు అనుకున్నాను. తప్పు నాదేనని ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది.

రెండోది పరీక్ష. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. మొదటి టర్మ్ చివర అందరికీ పరీక్ష పెట్టి, డైస్ ఫలితాలన్నీ కలిపి, ఐదు టేబుళ్లలోని 35 పాత్రలకు ర్యాంకులు వేసి, ఆ కాగితం కౌంటర్ పక్కన గోడకి అంటించాను. సరదాగా ఉంటుందనుకున్నాను. లాంగ్ టర్మ్ కోచింగ్‌లో రెండేళ్లు గడిపి వచ్చిన ఒకమ్మాయి పాత్రకు ఆఖరి ర్యాంకు వచ్చింది. ఏమీ అనలేదు, బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు మెసేజ్ పెట్టింది: "ఇక్కడ కూడా ఇదేనా అండీ?" ఆ ఒక్క లైన్ చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన దగ్గర ర్యాంకు అనే మాట పిల్లల మీద ఎంత బరువు పెడుతుందో తెలిసి కూడా, ఊపిరి పీల్చుకోవడానికి వచ్చిన చోట అదే గోడకి అంటించాను. ఉదయం షాపు తీయగానే చించేశాను. ఆమెను అడిగే ఇది రాస్తున్నాను, పేరు చెప్పొద్దంది.

తర్వాత పరీక్షను మళ్లీ రాసింది కూడా ఎక్కువగా ఆమే. ఇప్పుడు పాస్, ఫెయిల్ లేవు. డైస్ బాగా పడితే మీ పాత్రకు ఆ విద్య వచ్చేస్తుంది. పడకపోతే ఆచార్యుడు రాత్రి దీపం ఆర్పాక విడిగా పిలుస్తాడు, ఆ పాఠంలో మిగతావాళ్లు చూడనిది ఒకటి చూస్తారు, దాంతో కథ ఇంకో దారి పడుతుంది. పోయిన నెల ఒక టేబుల్‌లో ధ్వనిశాల పరీక్ష పోయిన పాత్ర ఆ రాత్రి ఖాళీ మెట్ల మీద నిలబడి ఒక్క అక్షరం పలికితే, నీటి పైనున్న లాంచీలో ఎవరో దానికి బదులు పలికారు. ఎవరన్నది ఇంకా తెలియలేదు. ఆ టేబుల్ మొత్తం రెండు వారాలుగా దాని వెనకే తిరుగుతోంది.

మూడోది వయసు. పదహారేళ్ల పిల్లల్ని, ముప్పై ఏళ్లవాళ్లని ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టాను. పాత్రలందరూ పదహారేళ్లవాళ్లే కదా అనుకున్నాను, కానీ ఆడేవాళ్లు కాదు కదా. ఒక టేబుల్‌లో ఒక పెద్దాయన చిన్న అమ్మాయి పాత్రతో లవ్ ట్రాక్ నడపబోయారు, మా గేమ్ మాస్టర్ ఆపేసరికి ఆలస్యమైంది. ఆ అమ్మాయి వాళ్లమ్మగారు ఫోన్ చేశారు, ఆవిడ కోపం న్యాయమైనది. ఆ టేబుల్‌ను అదే వారం ఆపేశాను. ఇకపై 18 లోపు వాళ్లకు వేరే టేబుల్, వేరే సమయం, తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చు. గురుకులం కథల్లో ప్రేమ వ్యవహారాలు పూర్తిగా బంద్, పెద్దల టేబుళ్లలో కూడా, ఎందుకంటే పాత్రలు మైనర్లు. ఈ విషయంలో దయచేసి బేరం ఆడొద్దు. టేబుల్ మధ్యలో ఎక్స్ రాసిన కార్డు ఉంటుంది, జాన్ స్టావ్రోపౌలస్ అనే ఆయన రూపొందించిన పద్ధతి అది. ఏ సీన్ అయినా ఇబ్బందిగా ఉంటే ఆ కార్డు తాకితే చాలు, కారణం ఎవరూ అడగరు, ఆ సీన్ వదిలేసి ముందుకు వెళ్తాం. ఈ కార్డు మొదటి రోజు నుంచే పెట్టి ఉండాల్సింది.

ఇప్పుడు డబ్బు. ఆరు నెలలకు, అంటే 24 సెషన్లకు, ఒక్కొక్కరి దగ్గర 7,000 తీసుకున్నాను. ఆగిపోయిన మూడు టేబుళ్లూ 9 సెషన్లు ఆడాయి. మిగిలిన 15 సెషన్లకు మనిషికి 4,375 రూపాయలు వెనక్కి రావాలి, 21 మందికి కలిపి 91,875. ఒకేసారి అంత ఇచ్చే స్థితిలో లేను. ఈ నెల 15 లోపు ఒక్కొక్కరికి 2,200, వచ్చే నెల 15 లోపు 2,175 వేస్తాను. ఎవరికైనా అత్యవసరమైతే నాకు నేరుగా చెప్పండి, వాళ్లకు ముందు ఇస్తాను. కాఫీలకు, గేమ్ అద్దెకు సర్దుకుంటారా అని ఎవరినీ అడగను, డబ్బే ఇస్తాను.

కొత్త టేబుల్‌కు నలుగురే. సెషన్‌కు మనిషికి 500, ముందుగా నాలుగు సెషన్లకు మించి తీసుకోను. ధర పెంచారేంటి అని అడుగుతారు, అడగాలి కూడా. ఏడుగురితో సెషన్‌కు టేబుల్ మీద సుమారు 2,040 వచ్చేది, నలుగురితో 2,000 వస్తుంది, నాకు మిగిలేదేమీ పెరగలేదు. మారింది ఏంటంటే అందులో 800 గేమ్ మాస్టర్‌కు వెళ్తుంది. ఇంతకాలం వాళ్లు ఒక్కో సెషన్‌కు నాలుగైదు గంటలు ఇంట్లో తయారై వచ్చేవాళ్లు, నేను ఆడించిన మూడు గంటలకే ఇచ్చేవాణ్ని, అదీ తక్కువ. ఇప్పుడున్న గేమ్ మాస్టర్లు ఇద్దరూ ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలు. ఏ వారమూ చెప్పకుండా మానలేదు.

ఒక విద్యా సంవత్సరం అంటే ఇప్పుడు ఎనిమిది సెషన్లు. అది అయ్యాక కథలో వేసవి సెలవులు, అక్కడ మానేయాలనుకున్నవాళ్లు మానేయొచ్చు, కొత్తవాళ్లు పై తరగతిలో చేరొచ్చు. బడి కథలో ఉన్న గొప్ప సౌకర్యం ఇదే, రావడానికీ పోవడానికీ వేళ ముందే ఉంటుంది. మధ్యలో ఒక వారం రాలేకపోతే మీ పాత్ర జ్వరంతో సిక్ రూమ్‌లో ఉంటుంది, మిగతావాళ్లు చూడటానికి వస్తారు, ఆ వారం నోట్స్ తెచ్చి ఇస్తారు. ఆ నోట్స్‌ను నిజంగానే వాళ్ల చేతే రాయిస్తున్నాం, రాలేకపోయినవాళ్లకు వచ్చే వారం అందుతుంది. ఒక టేబుల్‌లో అయితే మెస్ మెనూ బొమ్మలు కూడా వేసి ఇస్తున్నారు.

కొత్త బ్యాచ్ సెషన్ జీరో వచ్చే శనివారం సాయంత్రం 5 గంటలకు. ఆ రోజు ఆట ఉండదు, డబ్బు కూడా ఉండదు. పాత్రలు చేసుకుంటాం, ఏవి కావాలో ఏవి వద్దో మాట్లాడుకుంటాం, నచ్చకపోతే టీ తాగి వెళ్లిపోవచ్చు. మొత్తం రెండు టేబుళ్లకే చోటుంది, ముందు ఆగిపోయిన 21 మందిని అడిగాకే కొత్తవాళ్లను తీసుకుంటాను. డబ్బు వెనక్కి తీసుకున్నవాళ్లు కూడా రావచ్చు, ఆ రెండింటికీ సంబంధం లేదు. మీ పాత షీట్లు పారేయలేదు. టేబుల్ వారీగా కవర్లలో పెట్టి కౌంటర్ కింద ఉంచాను, వచ్చి అడగండి.