లెస్ ఎంతో రాస్తారు, మందం ఎంతో రాయరు

ఎడిటర్ గారికి నమస్కారం.

మున్సిపాలిటీ టెండర్ల గురించి వార్త వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట, ఫలానా పని 26 శాతం లెస్‌కు, అంటే అంచనా కంటే అంత తక్కువకు పోయింది, ప్రజల డబ్బు అంత మిగిలింది అని. నేను 14 ఏళ్లు కాంట్రాక్టర్ల దగ్గర సైట్ చూసినవాణ్ణి. ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నాను, ఎవరికీ జడవాల్సిన పని లేదు కాబట్టి చెప్తున్నాను. ఆ డబ్బు మిగలదండీ. రోడ్డులోంచి పోతుంది.

లెక్క చూడండి. మన దగ్గర అంచనా వేసేటప్పుడు ఎస్ఎస్ఆర్ (సర్కారు ఖరారు చేసిన రేట్ల పట్టిక) ప్రకారం సామాను, కూలి, మిషన్ల ఖర్చు కట్టి, దాని మీద ఓవర్‌హెడ్స్ (ఆఫీసు, పైఖర్చులు), కాంట్రాక్టర్ లాభం రెండూ కలిపి 13.615 శాతం వేస్తారు. అంటే 100 రూపాయల అంచనాలో అతనికని పెట్టింది సుమారు 12 రూపాయలు. లాభం మొత్తం వదులుకుని, ఆఫీసు ఖర్చు కూడా చేతినుంచి పెట్టుకుని, ఊరికి సేవ చేస్తాననుకున్నా 12 లెస్ దాటకూడదు. మరి 26కి వేసినవాడు మిగతా 14 ఎక్కణ్ణుంచి తెస్తాడు? మట్టిపనిలో కొంత వెసులుబాటు ఉంటుంది, ఒప్పుకుంటాను, సొంత జేసీబీ ఉన్నవాడికి గిట్టుబాటు అవుతుంది. కాంక్రీటులో అలా కుదరదు, సిమెంటు బస్తా రేటు ఎవరికైనా ఒకటే.

సీసీ రోడ్డు పోసేటప్పుడు కాంక్రీటు పక్కకు జారకుండా రెండు పక్కలా ఇనుప ఛానెళ్లు బిగిస్తారు. అంచున ఆరంగుళాల మందం పక్కాగా ఉంటుంది, ఎందుకంటే ఎవరైనా టేపు పెట్టి చూసేది అక్కడే. మధ్యలో మాత్రం కింద గ్రావెల్‌ను కాస్త ఉబ్బెత్తుగా తొక్కించి వదిలేస్తే చాలు, నాలుగంగుళాలకే పైన లెవెల్ వచ్చేస్తుంది. పైనుంచి చూస్తే బ్రహ్మకు కూడా తెలియదు. నేనే పోయించాను, సిగ్గుపడుతూనే చెప్తున్నా. క్వాలిటీ కంట్రోల్ వాళ్లు కోర్ కటింగ్‌కు, అంటే మందం చూడడానికి రోడ్డును గుండ్రంగా కోసి ముక్క తియ్యడానికి వస్తే ఎక్కడ కొయ్యాలో చూపించేది కూడా మేమే, ముందే అనుకున్న రెండు మూడు చోట్ల గుంట లోతుగా తీసి, నిండా పోసి పెట్టుకునేవాళ్లం. చివరికి ఎం.బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే సర్కారు పుస్తకంలో) ఈ కొస నుంచి ఆ కొస దాకా 150 మిల్లీమీటర్లు అని ఎక్కుతుంది, బిల్లు అయిపోతుంది.

టెండర్ల పద్ధతి అసలు మారలేదని అనను. పూర్వం టెండర్ పెట్టె రోజుల్లో ఆఫీసు గేటు దగ్గర మనుషుల్ని నిలబెట్టి, బయటివాణ్ణి టెండర్ షెడ్యూలు (రేటు రాసిచ్చే కాగితం) వెయ్యనిచ్చేవాళ్లే కాదు. 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ (ఆన్‌లైన్ టెండర్లు) వచ్చాక ఆ రౌడీతనం చాలా తగ్గింది (కాంట్రాక్టర్లంతా ముందే కుమ్మక్కై రింగు కావడం మాత్రం ఫోన్లలోకి మారింది, అది వేరే సంగతి). మరీ అడ్డగోలుగా తగ్గించకుండా ఇంకో నిబంధన కూడా ఉంది, 25 శాతం దాటి లెస్ వేస్తే ఆ తేడాకు అదనంగా డిపాజిట్ కట్టాలి. దాంతో ఏమైందంటే బిడ్లు చాలావరకు వచ్చి 24 పాయింట్ తొమ్మిదేదో దగ్గర ఆగుతున్నాయి. 2019లో మన ఆంధ్రప్రదేశ్‌లో వంద కోట్లు, ఆపైన ఉన్న టెండర్లను జడ్జి గారు ముందే చూడాలని చట్టం తెచ్చారు, వచ్చిన రేటు మీద ఇంకా తగ్గించమని మళ్లీ పోటీ పెట్టే రివర్స్ టెండర్లు పెట్టారు, 2024లో ఆ రెండూ తీసేశారు. ఏది మంచిదో పార్టీల వాళ్లు వాదించుకుంటారు గానీ, ఆ గొడవంతా పని ఎవరికివ్వాలి అన్నంత వరకే. అగ్రిమెంట్ అయ్యాక జరిగేదాని జోలికి ఎవరూ రారు. మా వీధి రోడ్డు పది లక్షల పని, దాన్ని అప్పుడైనా ఏ జడ్జి చూసేవాడు?

ఆ రోడ్డు పోసి ఇంకా రెండేళ్లు నిండలేదు. రెండో వానాకాలానికే మధ్యలో పగిలింది. సమాచార హక్కు కింద ఎం.బుక్ కాపీ అడిగితే 30 రోజులూ గడిచాయి, జవాబు లేదు, అప్పీలుకు వెళ్తే అప్పుడిచ్చారు. అంతా 150 మిల్లీమీటర్లే! ఈలోగా ఎదురింటివాళ్లు కుళాయి కనెక్షన్ కోసం రోడ్డు కోయించారు, ఆ గుంటలో చెయ్యి పెట్టి చూశాను. నాలుగు వేళ్ల మందం. మా రోజుల్లో కనీసం నాలుగంగుళాలు పోసేవాళ్లం.

బిడ్ ఎవరిదో, ఎంతకో వెబ్‌సైట్‌లో కనబడుతుంది కదా, ఎం.బుక్ పేజీలు కూడా అక్కడే పెట్టడానికి ఏం అడ్డం? అడక్కుండానే వివరాలు బయటపెట్టాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెప్తూనే ఉంది. మీ విలేకరులకు కూడా ఒక మనవి, లెస్ గురించి రాసినప్పుడు డైరీలో తేదీ వేసుకుని, ఆరు నెలల తర్వాత అదే పని దగ్గరికి టేపుతో వెళ్లండి. రిపేర్లు చేయించే బాధ్యత కాంట్రాక్టర్ మీద ఎప్పటిదాకా ఉందో పని దగ్గర బోర్డు మీద రాయించమని అడగండి, మా అగ్రిమెంట్‌లో రెండేళ్లని ఉంది, వీధిలో ఆ సంగతి తెలిసింది నాకొక్కడికే.

ఆ సమాచార హక్కు చట్టంలోనే ఇంకో మాట ఉంది, పనిని చూడడానికే కాదు, సామాను శాంపిల్ తీసుకోవడానికి కూడా పౌరుడికి హక్కుంది. మా రోడ్డు రిపేర్ల గడువు ఇంకా నాలుగు నెలలుంది. శాంపిల్ కోసం మొన్న సోమవారమే దరఖాస్తు పెట్టాను, ఈసారి ఎక్కడ కొయ్యాలో నేను చూపిస్తానని కూడా అందులో రాశాను.

ఇట్లు,
ఒక మాజీ సైట్ సూపర్‌వైజర్