కుందేలు వదిలి వెళ్లిన ఫామ్

చిట్టితల్లీ,

నువ్వు పంపిన అనువాదం రెండుసార్లు చదివాను. మొదటిసారి తండ్రిగా చదివి సంతోషపడ్డాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ఆటగాడి ఫామ్‌ను పక్కన పెడితే, ఇంగ్లీషులో 'ఫామ్' ఉన్న పదకొండు చోట్లా నువ్వు 'రూపం' అనే రాశావు. ఆరు చోట్ల చక్కగా సరిపోయింది. నాలుగో పేజీకి వచ్చేసరికి మాత్రం, "కుక్కల అలికిడికి కుందేలు తన రూపాన్ని విడిచి పరుగెత్తింది" అని ఉంది. అక్కడ ఆగిపోయాను. ఆ కుందేలు కోసమే ఈ ఉత్తరం.

అది రాబిట్ కాదమ్మా, హేర్. మనకు రెండూ కుందేళ్లే కాబట్టి తేడా పట్టుకోవడం కష్టం. రాబిట్ బొరియ తవ్వుకుంటుంది. హేర్ సాధారణంగా తవ్వదు. గడ్డిలో చిన్న పల్లం చేసుకుని, ఒళ్లు నేలకు అదుముకుని పడుకుంటుంది. లేచి వెళ్లాక గడ్డి మీద దాని ఒంటి ముద్ర మిగిలిపోతుంది. నడుము ఆనిన వైపు కాస్త లోతుగా, తల పెట్టుకున్న వైపు పైపైన. ఆ పల్లానికే ఇంగ్లీషులో ఫామ్ అని పేరు. అంటే కుందేలు వదిలింది తన రూపాన్ని కాదు, తన రూపం పడ్డ చోటుని.

ఈ ఒక్క అర్థం దగ్గర కాసేపు నిలబడితే మిగతావన్నీ దారి చూపిస్తాయి. ఈ మాట లాటిన్ 'ఫోర్మా' నుంచి ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది. ఫోర్మా అంటే ఆకారం, ఆకారాన్నిచ్చే మూస కూడా. చెప్పులు కుట్టేవాడు తోలు బిగించే చెక్కపాదమూ ఫోర్మాయే, జున్ను గట్టిపడటానికి పోసే పాత్రా ఫోర్మాయే. ఫ్రెంచివాళ్లు జున్నును 'ఫ్రోమాజ్' అనడం, ఇటలీవాళ్లు 'ఫోర్మాజ్జో' అనడం అందుకే. మూసలో పోసి తీసింది అని.

ఇప్పుడు మన 'అచ్చు' గుర్తు తెచ్చుకో. బెల్లం పోసేదీ అచ్చే, అందులోంచి వచ్చేదీ అచ్చే. పుస్తకం అచ్చు వేస్తాం. నువ్వు పుట్టినప్పుడు అందరూ "అచ్చు వాళ్ల నాయనమ్మే" అన్నారు. మూసకూ ముద్రకూ పోలికకూ ఒకే మాట. నా మటుకు నాకు ఫామ్‌కి తోడబుట్టింది 'రూపం' కంటే 'అచ్చు' అనిపిస్తుంది. రూపం కంటికి కనపడేదాన్నే చెబుతుంది. ఫామ్‌లో, అచ్చులో ఒకటి ఇంకోదాని మీద ఒత్తుకున్న గుర్తు కూడా ఉంటుంది.

దరఖాస్తు ఫారం అలాంటిదే. ఖాళీ గళ్లు ముందే గీసిపెట్టిన మూస. మన పేరు, పుట్టినతేదీ, చదువు అందులో పోసి ఇస్తాం. ఆ గళ్లలో పట్టని జీవితమంతా బయటే ఉండిపోతుంది. దీనికి తెలుగులో 'ఫారం' అనే రాయి. 'పత్రం' అని తెలుగు చేస్తే చదివేవాడికి తడుముకోవాల్సి వస్తుంది.

నాకు ఈ మాటతో చుట్టరికం కలిసింది మాత్రం ప్రెస్సులో. నీకింకా ఊహ తెలియని రోజుల్లో సీసపు అక్షరాలు పేర్చేవాణ్ణి. పేర్చిన పేజీలను రాతిబల్ల మీద ఇనుప చట్రంలో అమర్చి, సందుల్లో చెక్కముక్కలు దూర్చి బిగించేవాళ్లం. అలా బిగిసిన మొత్తాన్ని ఫారం అనేవాళ్లం. బిగించాక చట్రాన్ని ఒక మూల కొంచెం పైకెత్తి, అక్షరాల మీద అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కాలి. ఏ ఒక్కటి కదిలినా మళ్లీ బిగించాలి. పేజీలు వరసగా ఉండవు. ఎనిమిది పేజీల ఫారమైతే ఒకటో పేజీ పక్కన ఎనిమిదోది ఉంటుంది, అక్షరాలన్నీ తిరగబడి. కాగితం మీద పడి మడత పెడితేనే అంతా సరిగా కుదురుతుంది. "పుస్తకం ఎన్ని ఫారాలు?" అంటే ఎంత లావని అడిగినట్టు. నీ అనువాదంలో ఏడో పేజీ వాక్యం ఇదే. అక్కడ 'రూపం బిగించాడు' అని ఉంది. 'ఫారం బిగించాడు' అని మార్చు, ప్రెస్సు తెలిసినవాడు మనమూ తెలిసినవాళ్లమే అనుకుంటాడు.

ఆటగాడి ఫామ్‌ను నువ్వు కదపలేదు. మంచి పని. దానికి మన భాషలో ఇల్లు కుదిరింది. అయితే తొమ్మిదో పేజీలో పోలీసు అధికారి ఒకతన్ని చూపించి "అతనికి ఫామ్ ఉంది" అంటాడు. అది ఆట ఊపు కాదు. బ్రిటన్ వాడుకలో పాత నేరాల చిట్టా. 'పాత కేసులున్నాయి' అంటే సరిపోతుంది. బడి సంగతి వచ్చినచోట పిల్లలు ఫామ్ మీద కూర్చున్నారంటే వెనక ఆనుకోవడానికి లేని పొడుగు బెంచీ. బ్రిటన్ బళ్లలో తరగతిని కూడా ఫామ్ అనడం ఉంది. 'సిక్స్‌త్ ఫామ్' 16 నుంచి 18 ఏళ్ల పిల్లల చదువు, మన ఆరో తరగతి కాదు.

చుట్టాల్లా కనిపించి కానివాళ్లూ ఉన్నారు. 'కోళ్ల ఫారం' తెలుగు లిపిలో కలిసిపోయింది గానీ అది ఫార్మ్, వేరే ఇంటిది. క్లోరోఫామ్ నాకెంతో ఇష్టమైన సంగతి. లాటిన్‌లో చీమను 'ఫోర్మికా' అంటారు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు ప్రకృతి శాస్త్రవేత్త జాన్ రే చీమలను మరిగించి ఆవిరి పట్టి తీసిన ఆమ్లానికి ఫార్మిక్ ఆమ్లం అని పేరొచ్చింది. 1834లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త డ్యూమా క్లోరోఫామ్‌కు పేరు పెట్టినప్పుడు ఆ చీమే అందులోకి పాకింది. ఆకారంతో దానికి పనే లేదు.

రూపాన్ని తక్కువ చేస్తున్నానని అనుకోకు. ఫోర్మా నుంచి 'ఫోర్మోసా', అంటే అందమైనది, పుట్టింది. పోర్చుగీసువాళ్లు తైవాన్‌ను అలాగే పిలిచారు. మనకూ రూపం నుంచే 'రూపసి' వచ్చింది. ముద్ర వేసిన వెండి 'రూప్యం', అదే మన రూపాయి. రెండు భాషలు ఒకదాన్నొకటి అడక్కుండానే ఒకే దారిన నడిచాయి చూడు! రెండో పేజీలో గ్రీకు తత్వవేత్త ప్లేటో వస్తాడు కదా, అక్కడ కూడా రూపం ఉండనీ, కాకపోతే 'మూలరూపం' అను. ఆయన చెప్పేది కంటికి అందేది కాదు, మనసుకు అందేది.

మిగతా చోట్ల పెన్సిలుతో గుర్తులు పెట్టాను. కుందేలు వాక్యం మాత్రం ముట్టుకోలేదు. 'పడక' అంటే మంచం గుర్తొస్తుంది, 'గుంట' అంటే వెచ్చదనం పోతుంది. గడ్డి ఇంకా నలిగే ఉంది, కుందేలు లేదు. ఆ రెండూ ఒకే వాక్యంలో ఎలా పడతాయో నువ్వే రాసి పంపు.

మీ నాన్న