లహించ్ ఐదో హోల్ తీసేయమన్నవాళ్లకూ, ఉంచమన్నవాళ్లకూ

మా గోల్ఫ్ యాత్రలకు వచ్చినవాళ్లకూ, వచ్చే సీజన్‌కి పేరు ఇచ్చినవాళ్లకూ నమస్కారం.

పోయిన సెప్టెంబర్ గ్రూపు ఇళ్లకు చేరాక నాకు చాలా మెసేజ్‌లు వచ్చాయి. ఎక్కువ భాగం ఒకే విషయం మీద. ఐర్లాండ్ పడమటి తీరంలో, క్లేర్ కౌంటీలో ఉన్న లహించ్ కోర్సు, అందులో ఐదో హోల్. దాన్ని డెల్ అంటారు. "అంత దూరం వచ్చి, అంత డబ్బు పోసి, కనపడని గ్రీన్‌కి కొట్టాలా?" అని ఒకరు రాశారు. గ్రీన్ అంటే గుంత, జెండా ఉండే నున్నటి గడ్డి చోటు. డాలస్ నుంచి వచ్చిన ఒకాయన ఆ హోల్ స్కోరును గ్రూపు ప్రైజు లెక్కలోంచి తీసేయమన్నారు. లహించ్ బదులు ఇంకో కోర్సు పెట్టమని ఇద్దరు ముగ్గురు గట్టిగానే అడిగారు. ఇంకోవైపు, మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తారు అని డబ్లిన్ చేరకముందే బస్సులోనే అడిగినవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయడం కంటే అందరికీ ఒకేసారి చెప్పడం మంచిదనిపించింది.

లహించ్ ఉంటుంది. డెల్ స్కోరు లెక్కలోనే ఉంటుంది. అయితే వచ్చే సీజన్ నుంచి యాత్ర తీరు మారుతుంది, ధర కూడా పెరుగుతుంది. ఎందుకో వివరంగా చెబుతాను.

ఇంకా చూడనివాళ్ల కోసం ముందు ఆ హోల్ గురించి. పార్ 3, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్, సుమారు 150 గజాలు. కాగితం మీద చూస్తే తేలికే. మొదటి దెబ్బ కొట్టే చోట, అంటే టీ మీద, నిలబడితే మాత్రం ఎదురుగా గడ్డి పట్టిన పెద్ద ఇసుకదిబ్బ ఒక్కటే కనిపిస్తుంది. జెండా కనపడదు, గ్రీన్ కనపడదు. దిబ్బ మీద సున్నం కొట్టినట్టు తెల్లగా ఒక రాయి ఉంటుంది. ఆ రోజు పిన్, అంటే గుంతలోని జెండా కర్ర, ఏ వరసలో ఉందో చెప్పేది అదే. పిన్ చోటు మారితే మైదానం సిబ్బంది రాయిని కూడా జరుపుతారు. దిబ్బ అవతల గ్రీన్, దాని వెనకాల ఇంకో దిబ్బ. ఆ రెండింటి సందులో గ్రీన్ ఎడమ నుంచి కుడికి పొడుగ్గా, ముందు నుంచి వెనక్కి ఇరుగ్గా ఉంటుంది. అంటే పక్కకి పోతే కొంత చోటు ఉంది గానీ, దూరం లెక్క తప్పితే చోటు లేదు.

సెప్టెంబర్ గ్రూపులో విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో ఏళ్ల తరబడి ఆడుతున్న ఒక పెద్దాయన ఉన్నారు. సముద్రపు గాలి ఆయనకు కొత్త కాదు. బంతి టీ మీద పెట్టి, తలెత్తి చూసి, "ఏమండీ, జెండా ఏదీ?" అన్నారు. బ్యాగు మోస్తూ సలహా చెప్పే క్యాడీ రాయి చూపించాడు. ఎదురుగాలి. ఆయన సెవెన్ ఐరన్ తీస్తే, క్యాడీ దాన్ని వెనక్కి పెట్టించి, బంతిని ఇంకా దూరం పంపే ఫైవ్ ఐరన్ చేతికిచ్చాడు. దెబ్బ చక్కగానే తగిలింది గానీ బంతి రాయికి బాగా ఎడమగా పోయి దిబ్బ అవతల మాయమైంది. మిగతా ముగ్గురిలో ఎవరూ నోరు మెదపలేదు. అప్పటిదాకా ప్రతి దెబ్బకీ "గుడ్ షాట్" అంటున్నవాళ్లకి ఇక్కడ అది అనొచ్చో లేదో తెలియలేదు. దిబ్బ చుట్టూ తిరిగి వెళ్లేటప్పుడు, డెబ్బై దాటిన ఆయనే అందరికంటే ముందు నడిచారు. బంతి వెనక దిబ్బకి తగిలి కిందికి దొర్లి, గ్రీన్ ఎడమ చివర ఆగి ఉంది. పిన్ కుడి చివర. ఆ పొడవంతా పట్ చేసుకుంటూ, అంటే బంతిని నేల మీద దొర్లిస్తూ, రావాల్సి వచ్చింది. మూడు పట్‌లు, బోగీ, అంటే పార్ కంటే ఒక దెబ్బ ఎక్కువ. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన మాట్లాడింది బోగీ గురించి కాదు, దిబ్బ పక్కనుంచి నడిచిన ఆ కాసేపటి గురించి. ఏ హోల్‌లో పార్ చేసినా అంత టెన్షన్, అంత ఆనందం రాలేదన్నారు. నేను ఈ వ్యాపారం చేస్తున్నదే ఆ కాసేపటి కోసం.

ఇలాంటి హోల్ అసలు ఎందుకు ఉంది అని అడిగినవాళ్లకి కొంచెం వెనకటి సంగతి చెప్పాలి. లహించ్ క్లబ్బు 1892లో మొదలైంది. లిమరిక్‌లో ఉన్న బ్లాక్ వాచ్ అనే స్కాటిష్ సైనిక రెజిమెంట్ అధికారులు, ఆ ఊరి పెద్దలు కొందరు కలిసి పెట్టుకున్నారు. 1894లో స్కాట్‌లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ నుంచి, ఆ కాలపు పేరున్న గోల్ఫర్ ఓల్డ్ టామ్ మోరిస్ వచ్చి కోర్సుకి రూపం ఇచ్చాడు. ఆ రోజుల్లో మట్టి తోడే యంత్రాలు లేవు. దిబ్బ ఎక్కడుంటే అక్కడే ఉంటుంది, ఆట దాని మీదుగా సాగుతుంది. గడ్డి సహజంగా బాగా పెరిగే పల్లం కనిపిస్తే అదే గ్రీన్. స్కాట్‌లాండ్‌లో 1860లో మొదటి బ్రిటిష్ ఓపెన్ టోర్నమెంట్ జరిగిన ప్రెస్ట్‌విక్ కోర్సులో ఇప్పటికీ ఇలాంటి పార్ 3 ఉంది. దాని పేరు హిమాలయాస్. అక్కడ కూడా దిబ్బ మీదుగా కొట్టాలి, ఆట ముగించినవాళ్లు గంట కొడితే గానీ వెనకవాళ్లు కొట్టకూడదు. కాబట్టి డెల్ ఎవరో ఆటగాళ్లని ఏడిపించడానికి పెట్టిన చిక్కు కాదు. నేల ఎలా ఉందో ఆట అలా నడిచిన కాలానిది అది.

1927లో కోర్సు డిజైనర్ అలిస్టర్ మెకెంజీ లహించ్‌ను చాలావరకు తిరగరాశాడు. తర్వాత అమెరికా గోల్ఫర్ బాబీ జోన్స్‌తో కలిసి, మాస్టర్స్ టోర్నమెంట్ జరిగే అగస్టా నేషనల్ కోర్సు గీసినాయన ఈయనే. గ్రీన్‌కి కొట్టే దెబ్బలో కనపడనితనం వీలైనంత తక్కువ ఉండాలన్నది ఆయన రాసుకున్న సూత్రాల్లో ఒకటి. అలాంటి మనిషి చేయి పడ్డాక కూడా డెల్, దాని ముందున్న నాలుగో హోల్ క్లాండైక్ మోరిస్ నాటి తీరులోనే మిగిలాయి. ఆ తర్వాత డిజైనర్ మార్టిన్ హాట్రీ కోర్సును మళ్లీ బాగు చేసినప్పుడూ వాటి జోలికి పోలేదు. 2019లో ఐరిష్ ఓపెన్ ఇక్కడే జరిగింది. స్పెయిన్ ఆటగాడు జాన్ రామ్ చివరి రోజు 62 దెబ్బల్లో ఆట ముగించి గెలిచాడు. అప్పుడూ డెల్ డెల్‌లాగానే ఉంది. టీవీ కోసమో, పెద్ద ఆటగాళ్ల కోసమో దిబ్బని ఎవరూ తవ్వలేదు.

ఇది అన్యాయం, అదృష్టం మీద ఆధారపడ్డ హోల్ అన్న మాట మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. దిశ రాయి చెబుతోంది. దూరం కార్డు మీద ఉంది. గాలి తెలుస్తోంది. గ్రీన్ ఆకారం క్యాడీ చెబుతాడు. కావాల్సిన సమాచారంలో లేనిది ఒక్కటే, కంటికి ఆనే జెండా. ఎన్నుకున్న క్లబ్‌ని నమ్మి, సగంలో చేయి వెనక్కి తీయకుండా పూర్తిగా కొట్టగలమా అన్నదే అక్కడి పరీక్ష. అది కూడా గోల్ఫ్ నైపుణ్యమే. మన గ్రూపులో అక్కడ దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువ మంది దిబ్బని చూసి జంకి, బంతిని పైకి లేపాలని చూసినవాళ్లే. అలా కొడితే బంతి ముందు దిబ్బ గడ్డిలో పడుతుంది, అక్కడి నుంచి బయటపడటం కష్టం. అందుకే ఆ స్కోరును ప్రైజు లెక్కలోంచి తీయను. డాలస్ అన్నగారూ, ఈ ఒక్క విషయంలో నన్ను మన్నించాలి.

క్లాండైక్ గురించి ఎవరూ ఫిర్యాదు చేయకపోవడం నాకు ఆసక్తిగా అనిపించింది. 500 గజాల లోపు పార్ 5 అది, రెండో దెబ్బ పెద్ద దిబ్బ మీదుగా కళ్లు మూసుకుని కొట్టినట్టే. కాకపోతే అక్కడ దిబ్బ మీద ఒక మనిషి నిలబడి, అవతల ఎవరూ లేరని జెండా ఊపి చెబుతాడు. మనిషి కనిపిస్తే మనకు ధైర్యం. డెల్ దగ్గర రాయి ఒక్కటే ఉంటుంది.

మెసేజ్‌లన్నీ మళ్లీ చదివితే ఇంకో సంగతి తెలిసింది. అసంతృప్తి దాదాపు అంతా క్యాడీ లేకుండా ఆడినవాళ్ల నుంచే వచ్చింది. ఇప్పటిదాకా క్యాడీ మీ ఇష్టానికి వదిలేశాం. ఇకపై లహించ్‌లో ప్రతి నలుగురికీ ఒక ఫోర్‌క్యాడీ ఉంటాడు, ఆ ఖర్చు యాత్ర ధరలోనే కలిసి ఉంటుంది. డెల్ దగ్గర అతను దిబ్బ పైకెక్కి బంతి ఎక్కడ పడిందో చూస్తాడు. అతన్నే గురి చేసుకుని కొడదాం అనుకోకండి. దెబ్బ కొట్టే సమయానికి మీ గురి వరసలో మనిషి నిలబడి ఉండకూడదని రూల్స్ చెబుతున్నాయి. గురి రాయి మీదే.

రెండో మార్పు పెద్దది. ఇంతకుముందు అయిదు రోజుల్లో మూడు కోర్సులు తిప్పేవాళ్లం. ఇప్పుడు రెండే. లహించ్‌లో రెండు రోజులు ఆడతాం. మొదటి రోజు డెల్ వెనక ఏముందో తెలియదు. రెండో రోజుకి పిన్ మారుతుంది, రాయి జరుగుతుంది, కానీ గ్రీన్ ఆకారం మీ తలలో ఉంటుంది. ఒకే హోల్ రెండు రకాల ఆట అవుతుంది. ఒక్కసారి ఆడి వెళ్లిపోతే దాని విలువ సగమే తెలుస్తుందని నా నమ్మకం. ఎక్కువ కోర్సుల పేర్లు లెక్కేసుకోవాలనుకునేవాళ్లకి ఇది నచ్చకపోవచ్చు, అర్థం చేసుకోగలను. మోహెర్ కొండచరియలు చూసే సాయంత్రం అలాగే ఉంటుంది, లహించ్ నుంచి దగ్గరే.

ధర సుమారు పదో వంతు పెరుగుతోంది. ఫోర్‌క్యాడీ ఖర్చు, రెండో రోజు గ్రీన్ ఫీజు కలిసి అంత అవుతున్నాయి. ఈ తీరం మీద పేరున్న కోర్సుల ఫీజులు ఏటేటా పెరుగుతూనే ఉన్నాయి, మాలాంటి చిన్న సంస్థకి బేరమాడే బలం లేదు. హోటల్ స్థాయి తగ్గించి పాత ధరే ఉంచవచ్చు గానీ, రోజంతా గాలిలో నడిచి వచ్చాక వేడినీళ్లు, మంచి పడక లేకపోతే మర్నాటి ఆట పోతుంది. అందుకే ఆ పని చేయలేదు. వివరమైన లెక్క ప్రతి ఒక్కరికీ మెయిల్‌లో పంపాను, ఏ పద్దు మీద సందేహం ఉన్నా అడగండి. కొత్త ఏర్పాటు నచ్చనివాళ్లు జనవరి నెలాఖరులోగా చెబితే అడ్వాన్సు పూర్తిగా తిరిగిచ్చేస్తాను.

వచ్చేవాళ్లకి డెల్ గురించి కొన్ని మాటలు. మామూలుగా తీసుకునే క్లబ్ కంటే ఒక మెట్టు పెద్దది తీసుకోండి. కొంచెం ఎక్కువ పోతే వెనక దిబ్బ బంతిని కిందికి పంపే అవకాశం ఉంది, తక్కువైతే ముందు దిబ్బ వదలదు. టీ దగ్గర గాలి నెమ్మదిగా అనిపించినా, దిబ్బ కొసన గడ్డి ఎటు వంగుతోందో చూడండి. బంతి పోయిందేమోనన్న అనుమానం ఉంటే ప్రొవిజనల్ అని పైకి చెప్పి రెండో బంతి కొట్టండి. వెతకడానికి మూడు నిమిషాలే. ఆలోపు మొదటి బంతి దొరికితే దాంతోనే ఆడాలి. వెతకడం మొదలుపెట్టే ముందు గుంతలోకి ఒకసారి తొంగి చూడండి, మొదటి బంతి అందులోనే ఉంటే హోల్ అయిపోయినట్టే.

వాన బట్టలు తప్పకుండా తెచ్చుకోండి. లహించ్‌లో మేకలు కోర్సు మీదే తిరుగుతుంటాయి, క్లబ్బు గుర్తు కూడా మేకే. అవి క్లబ్ హౌస్ దగ్గరికి చేరితే వాతావరణం చెడబోతోందని అక్కడివాళ్ల లెక్క. నేను ఫోన్‌లో వాతావరణం ఎంత చూసినా, పొద్దున్నే వాటి వైపు కూడా ఒక చూపు వేస్తాను.

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ఐర్లాండ్ వీసా పని ముందే మొదలుపెట్టండి. యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంగెన్‌లో ఐర్లాండ్ లేదు, ఆ వీసా ఇక్కడ చెల్లదు. పోయినసారి చివరి నిమిషంలో ఒక కుటుంబం ఆగిపోవాల్సి వచ్చింది, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ కాపీ, మీ క్లబ్బుల బ్యాగు కొలతలు అడ్వాన్సుతో పాటు పంపితే టీ టైమ్‌లు, వ్యాన్ సైజు నేను చూసుకుంటాను. మే గ్రూపులో ఇంకా చోటుంది. సెప్టెంబర్ గ్రూపు పోయినసారి వచ్చినవాళ్లతోనే దాదాపు నిండింది.