సవానా ట్రిప్: శనివారం పొద్దున ఆరింటికి

అందరికీ నమస్తే. జార్జియా తీరంలోని సవానా ఊరు అట్లాంటా నుంచి దాదాపు 250 మైళ్లు, నాలుగు గంటల డ్రైవ్. ఆరింటికల్లా కార్లెక్కాలి. పిల్లల్ని నిద్రలోనే ఎత్తుకొచ్చేయండి, ఫరవాలేదు.

1733లో ఈ ఊరిని స్థాపించిన ఓగల్‌థోర్ప్ వేసిన ప్లానే ఊరి నడిబొడ్డున ఇప్పటికీ కనిపిస్తుంది. ఒకప్పుడు 24 స్క్వేర్లు (వీధుల మధ్య చిన్న పార్కులు), ఇప్పుడు 22. కారు ఒకచోట పెట్టేసి నడవడమే. ఓక్ కొమ్మల నుంచి నెరిసిన జడల్లా వేలాడేది స్పానిష్ మాస్. పేరే గానీ అది స్పెయిన్‌దీ కాదు, మాసూ (నాచూ) కాదు! కింద పడ్డది పిల్లలు మెడలో వేసుకోబోతారు, వద్దనండి. అందులో కుట్టే పురుగులుంటాయి.

రివర్ స్ట్రీట్‌కి హీల్స్ అస్సలొద్దు. ఆ రాళ్లు ఒకప్పుడు ఓడల్లో బరువు కోసం వేసుకొచ్చినవి, ఒకటి పైకుంటే ఒకటి కిందికి. పోయినసారి మా ఆవిడ చెప్పు తెగి కారు దాకా ఉత్తికాళ్లతో నడిచింది. తప్పు నాదేనట.

ఆదివారం సవానా పక్కనే ఉన్న టైబీ దీవిలో లైట్‌హౌస్, 178 మెట్లు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకి బీచ్‌లో కుర్చీలు వేద్దాం. దారిలోకి పులిహోర మాది, పెరుగన్నం ఎవరిది? రూములు బుక్ చేయాలి, ఎంతమందో బుధవారంలోపు చెప్పండి.