పేరు ముందున్న ముక్కను తుంచకండి

సంపాదకుల వారికి,

2024 ఫిబ్రవరిలో ఉత్తర ఐర్లాండ్ ఫస్ట్ మినిస్టర్ అయిన మిషెల్ ఓనీల్ పేరు తెలుగు పత్రికల్లో తరచూ 'ఓ నీల్' అని విడిపోయి కనిపిస్తుంది. 'ఓ బస్సు', 'ఓ యువకుడు' అని రోజూ చదివే కళ్ళకి ఇది ఎవరో ఒక నీల్ అన్నట్టే తోస్తుంది. ఐరిష్‌లో ఆ 'ఓ'కి అసలు అర్థం మనవడు, ఫలానా వంశం వాడు అని. ఇంగ్లిష్‌లో దాని పక్కన వేసే అపాస్ట్రఫీ గుర్తు (’) ఐరిష్‌వాళ్ళది కాదు, వాళ్ళు అక్షరం నెత్తిన గీత పెడతారు. 'మాక్' అంటే కొడుకు. ఐరిష్‌లో ఆడపిల్ల ఇంటిపేరైతే 'ఓ' బదులు 'నీ', 'మాక్' బదులు 'నిక్' వస్తాయి. వేల్స్ వాళ్ళ భాషలో ఇదే కొడుకు 'మాప్'. అది అరిగి 'ఆప్', 'ఆబ్' అయి, చివరికి పేరులో కలిసిపోయింది. ఆప్ హువెల్ పవెల్ అయ్యాడు, ఆబ్ ఎవన్ బెవన్ అయ్యాడు. 1948లో బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యాన్ని అందరికీ ఉచితం చేసిన మంత్రి అన్యూరిన్ బెవన్ ఇంటిపేరులో మొదటి అక్షరం అలా వచ్చిందే.

ఇవి తెలియకపోతే కొంపలేమీ మునగవు. ఉక్రెయిన్, మోల్డోవా వార్తల దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం వేరు. రష్యన్, ఉక్రేనియన్ లాంటి స్లావిక్ భాషల్లో ప్రాంతాల పేర్ల ముందు వచ్చే 'జ' అంటే ఆవల, 'పొద్' అంటే కింద, 'ప్రి' అంటే చేరువన. గోదావరికి ఆవలి ఊరు అని రాజమండ్రిలో అంటే కొవ్వూరు, అదే మాట కొవ్వూరులో అంటే రాజమండ్రి. అంటే పేరు పెట్టినవాడు ఏ గట్టున నిలబడ్డాడో ఆ చిన్న ముక్కే చెప్పేస్తుంది.

మోల్డోవా నుంచి విడిపోయామని 1990లో ప్రకటించుకున్న ప్రాంతాన్ని మనం ట్రాన్స్‌నిస్ట్రియా అని రాస్తున్నాం. అది రుమేనియన్ వైపు నుంచి చూసిన పేరు, ద్నీస్తర్ నదికి ఆవలిది అని. అక్కడి రష్యన్ పేరు ప్రిద్నెస్త్రోవ్యే, అంటే ద్నీస్తర్ చెంతది. తమ ఊరు తమకే 'ఆవల' ఎలా అవుతుందన్నది వాళ్ళ వాదన. పైగా 1941 నుంచి 1944 దాకా రుమేనియా సైన్యం ఆక్రమించుకుని, యూదులను తరలించి చంపిన ప్రాంతానికి పెట్టిన పేరు కూడా ట్రాన్స్‌నిస్ట్రియాయే. ఏ పేరు వేసినా ఒక పక్షం మాట వేసినట్టే.

ఉక్రెయిన్‌లోని జపొరీజ్యా నగరం సంగతి మా ఇంట్లో అనుభవమే. మా తమ్ముడి కొడుకు అక్కడ మెడిసిన్ చదివేవాడు. 2022 మార్చి మొదటి వారంలో అణు విద్యుత్ కేంద్రంలో మంటలన్న వార్త వచ్చింది. ఒకే రోజు ఒకే పత్రికలో ఆ పేరు ఒక పేజీలో జపోరిజియా, ఇంకో పేజీలో జఫోరిజ్జియా. రెండూ ఒకటేనా, కుర్రాడి కాలేజీ ఉన్న ఊరు ఏది అని మా మరదలు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆ కేంద్రం నగరంలో లేదు, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఎనెర్హొదార్‌లో ఉంది. జిల్లాకూ నగరానికీ ఒకటే పేరు కావడంతో వచ్చిన తిరకాసు ఇది. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే చాలా ఇళ్ళల్లో ఆ రాత్రి నిద్ర పట్టేది. పేరుకి అర్థం 'రాతి జలపాతాలకు ఆవల' అని. నీపర్ నదిలోని ఆ రాళ్ళన్నీ 1932లో పూర్తయిన ఆనకట్ట నిలిపిన నీటి కింద మునిగిపోయాయి, పేరు మాత్రం నిలిచింది.

మావాడు హంగరీ సరిహద్దుకి చేరింది ఉక్రెయిన్ పశ్చిమ కొసనున్న జకర్‌పాత్యా మీదుగా. కార్పాతియన్ కొండలకు ఆవలిది అని అర్థం, కీయివ్ నుంచి చూస్తే అంతే మరి. అదే నేల చెకొస్లోవేకియా ఏలుబడిలో పొద్‌కర్‌పాత్‌స్కా రుస్, అంటే కొండల కిందిది. హంగరీవాళ్ళు ఇప్పటికీ కొండల దిగువ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. కొండలు కదల్లేదు, ఏలిన రాజధాని మారిందంతే.

ఈ ముక్కల పుట్టుక గురించి వాట్సాప్‌లో ఇంకో కథ తిరుగుతోంది, రష్యన్ సంస్కృతం నుంచి పుట్టిందని. పోలికలు ఉన్నమాట నిజమే. ప్ర, పరా, అప, సమ్ అని ఉపసర్గలు వల్లించిన వాళ్ళకి రష్యా అంతరిక్ష నౌక సోయూజ్‌ పేరులోని 'సో', స్పుత్నిక్ మొదటి 'స' మన 'సమ్'కి చుట్టాలని చెబితే ఇట్టే పట్టేస్తారు. స్పుత్నిక్ అంటే దారిలో తోడు వచ్చేవాడు. రష్యన్‌లో నమస్కారానికి వాడే జ్ద్రావ్‌స్త్‌వుయ్‌తె మొదట్లో దాక్కున్నది 'సు'. ఐరిష్‌లో సొఖర్ అంటే మేలు, దొఖర్ అంటే కీడు, మన 'సు', 'దుస్' లాగే. కానీ చుట్టరికం వేరు, సంతానం వేరు. ఐర్లాండ్‌కి సంస్కృతం వెళ్ళలేదు. అన్నిటికన్నా పాత భాష ఒకటి ఉండేది, ఇవన్నీ దాని పిల్లలు. ఆదివారం అనుబంధాల్లో సైతం ఈ కథ నిజమన్నట్టు వస్తుంటే పిల్లలు అదే నమ్ముతున్నారు.

డెస్క్‌లో రాత్రి పదిన్నరకి ఇంగ్లిష్ కాపీ చేతికొస్తే వ్యుత్పత్తి వెతికే తీరిక ఉండదు, ఒప్పుకుంటాను. అందుకే అడిగేది చిన్నది. ఒక పేరుకి ఒకే స్పెల్లింగ్ ఖాయం చేసి, అక్కడివాళ్ళు పలికే తీరుకి దగ్గరగా ఉండేలా చూసి, ఆ జాబితా అన్ని ఎడిషన్లకీ పంపండి. ఓనీల్, మెక్‌డొనాల్డ్ లాంటివి కలిపే వేయండి. పేరు మీదే తగువున్న చోట, అది ఎవరు పెట్టిన పేరో బ్రాకెట్‌లో అర వాక్యం చేర్చండి. ట్రాన్స్‌నిస్ట్రియాతోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు, కొవ్వూరు